గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల లెక్క ఉంది, తిరిగొచ్చినవాళ్ల లెక్క ఏదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది తిరుపతిలో కొర్లగుంట. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా ఆయన గల్ఫ్‌లో చమురు ఫ్యాక్టరీల దగ్గర పనిచేసి వచ్చారు. మీ పత్రిక మా ఇంటికి పదిహేడేళ్లుగా వస్తోంది. మధ్యలో ఏడాదిన్నర మాన్పించాను. ఎందుకు మాన్పించానో కింద రాస్తాను.

2025 మే నెల మొదటి వారంలో మీ వ్యాపారం పేజీలో ముడి చమురు పీపా 60 డాలర్ల దగ్గరికి దిగిందని, నాలుగేళ్లలో ఇదే తక్కువని, మన దేశానికి ఇది ఊరట అని రాశారు. గంగమ్మ జాతర రోజులు కదా, నాకు తల ఎత్తే తీరిక లేదు. ఆ పేజీ రెండు రోజులు కత్తెర కిందే పడి ఉంది. జాకెట్టు కోసం వచ్చిన పక్క వీధి అమ్మాయి అది చదివి, "అక్కా, పెట్రోలు తగ్గుతుందంట" అని సంబరపడింది. ఆ పిల్ల వెళ్లగానే ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి కొలతల పుస్తకంలో దాచేశాను, మా ఆయన కంట పడకూడదని. తీరా చూస్తే ఆయన ముందురోజే ఫోన్‌లో చూసేశారట. నాకు చెప్పలేదు. ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

మీ వార్త తప్పని నేను అనడం లేదు. చమురు కొనే దేశానికి చమురు చవకైతే మంచిదే. కానీ ఆ చమురు తీసే చోట కూలికి పోయినవాళ్లు మన పల్లెల్లో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఉన్నారు. పీపా ధర పడితే మా ఇళ్లలో ఏమవుతుందో మీ పేజీలో ఎప్పుడూ చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. 2006 నుంచి రాస్తున్నాను. నెల, వచ్చిన రియాళ్లు, ఆ రోజు రియాలు రేటు, చేతికి వచ్చిన రూపాయలు. నాలుగు గళ్లు, స్కేలు పెట్టి గీసుకున్నవి. 2015 మార్చి నుంచి అయిదో గడి గీశాను. అందులో మీ పేపర్లో చూసి పీపా ధర రాయడం మొదలుపెట్టాను. అంతవరకూ ఆ పేజీని మడతేసిన జాకెట్ల కింద పరచడానికి వాడేదాన్ని.

మా అత్తగారి ఊరు చంద్రగిరి పక్కన. మూడు బోర్లు వేశాం, మూడూ ఎండాయి. 2006లో మా ఆయన జుబైల్‌కు పోయారు. సౌదీలో తూర్పు తీరం, పెట్రోలు ఫ్యాక్టరీల ఊరు అది. ఏజెంటుకు 75 వేలు ఇచ్చాం, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. చెన్నైలో ట్రేడ్ టెస్టు పెట్టారు, గల్ఫ్‌కు పోయేవాళ్లకు చేసే గాంకా మెడికల్ పరీక్ష చేయించారు. ఆయన తొమ్మిదో తరగతితో ఆపేశారు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు. అంటే గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రభుత్వం అనుమతి ముద్ర వేయాలి. వేశారు. ఆ ముద్ర సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

పని స్కాఫోల్డింగ్. మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు సవుకు కట్టెలు కట్టి పైకెక్కుతారే, అదే పనిని వాళ్లు ఇనుప పైపులతో, క్లాంపులతో చేస్తారు. అయితే ఎత్తు వంద అడుగులు, నూట యాభై అడుగులు. పక్కనే మండే గ్యాసు. వెల్డర్ రావాలన్నా, పెయింటర్ రావాలన్నా, ఇంజనీరు వచ్చి చూడాలన్నా ముందు వీళ్లు మెట్లు కట్టాలి. కట్టింది ఇన్‌స్పెక్టర్ చూసి పచ్చ ట్యాగ్ తగిలిస్తేనే ఎవరైనా ఎక్కాలి. ఎర్ర ట్యాగ్ ఉంటే కంపెనీ ఓనరొచ్చినా ఎక్కకూడదట. ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన గొంతులో కొంచెం గర్వం ఉంటుంది. "మేం కడితేనే రిఫైనరీలో ఎవరైనా పైకెక్కేది" అనేవారు.

మొదట్లో 850 రియాళ్లు జీతం. రియాలుకు 12 రూపాయలు. ఓటీ (ఓవర్‌టైమ్) కలిపి నెలకు తొమ్మిది, పది వేలు పంపేవారు. ఛార్జ్‌హ్యాండ్ అయ్యారు, ఫోర్‌మన్ అయ్యారు. 2014కి బేసిక్ 2,400 రియాళ్లు, ఓటీతో కలిపి 3,200 దాటేది. రియాలు 16 రూపాయలు. మా నోటుబుక్కులో 2014 మే నెలలో 41,600 అని ఉంది. ఆ అంకె కింద నేను రెండు గీతలు గీసుకున్నాను. మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ అంత జీతం చూడలేదు.

ఆ ఊపులోనే ఇంటి మీద ఇంకో అంతస్తు మొదలుపెట్టాం. పిల్లర్ల కమ్మీలు పైకి వదిలి, గోడలు భుజం ఎత్తు లేపాం. బ్యాంకులో 6 లక్షల అప్పు. అది మా తెలివితక్కువే, ఒప్పుకుంటాను. అప్పట్లో బ్రెంట్ అనే రకం చమురు పీపా 115 డాలర్లు అని నాకు తరవాత తెలిసింది. ధర ఎక్కువున్నప్పుడు అందరికీ ఇల్లు కట్టాలనే అనిపిస్తుంది, ఆ కంపెనీలకు కూడా. కొత్త ప్లాంట్లు, కొత్త పైపులైన్లు, అన్నీ అప్పుడే మొదలుపెట్టి ఉన్నారు.

తరవాత ఏమైందో మా చెల్లెలి కొడుకు నాకు మదనపల్లె టమాటా మార్కెట్ లెక్కన చెప్పాడు. అమెరికాలో షేల్ అని రాతి పొరల్లోంచి చమురు తీయడం కొత్తగా నేర్చుకున్నారు. కొత్తగా తోట వేసిన రైతు అనుకోండి. దిగుబడి విపరీతం, కానీ పెట్టుబడి ఎక్కువ. సరుకు పోటెత్తి ధర దిగుతోంది. 2014 నవంబర్ 27న వియన్నాలో ఒపెక్ దేశాలు, అంటే చమురు అమ్మే దేశాల కూటమి, కూర్చున్నాయి. వాళ్లు పాత రైతులు అనుకోండి. పాత రైతులు కోత తగ్గిస్తే ధర నిలబడేది. తగ్గించకూడదని తీర్మానించారు. ధర పడితే కొత్త రైతే గిట్టుబాటు కాక తోట పీకేస్తాడులే అని. కొత్త రైతు పీకాడు కూడా. అమెరికాలో చమురు బావులు తవ్వే రిగ్గులు 2014 అక్టోబరులో 1,609 నడుస్తుంటే 2016 మే చివరికి 316 మిగిలాయి. కానీ మదనపల్లెలో ధర పడ్డ రోజు ఏమవుతుంది? పాత రైతు, కొత్త రైతు అని ఉండదు. అందరి టమాటా రోడ్డు మీదే. రైతుకన్నా ముందు కోత కూలీకి పని ఉండదు.

2014 జూన్‌లో 115 డాలర్లున్న పీపా 2015 జనవరికి 50 కిందికి, 2016 జనవరికి 30 కన్నా కిందికి దిగింది. ష్లంబర్జర్ అనే పెద్ద చమురు సర్వీసుల కంపెనీ 2015 జనవరిలో 9,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అలాంటి ప్రకటనలు పేపర్లలో వస్తాయి. కాంట్రాక్టరు కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ, ఆ కంపెనీ కింద మా ఆయన. ఆయన ఉద్యోగం పోయినప్పుడు ఎవరూ ప్రకటన ఇవ్వలేదు. చెరువు తూము దగ్గర నీళ్లు తగ్గిస్తే ముందు ఎండేది చివరి మడి. అదీ ఒక్కరోజులో ఎండదు.

మొదట ఓటీ పోయింది. 2015 ఫిబ్రవరిలో పది గంటల డ్యూటీ ఎనిమిదయింది. 41 వేలు వచ్చే ఇంటికి 30 వేలు. "సీజన్ లేదు, మళ్లీ వస్తుందిలే" అన్నారు ఇమోలో. నేను ఆ నెలలోనే అయిదో గడి ఆలోచన చేశాను. తరవాత కొత్త ప్రాజెక్టు ఆగింది. ఫైళ్లు కట్టి పక్కన పెట్టారు. కట్టిన స్కాఫోల్డింగ్ విప్పడానికి మూడు నెలలు పని దొరికింది. కట్టిన చేతులతోనే విప్పారు. ఆ తరవాత క్యాంపులో ఖాళీ. గదికి ఆరుగురు, రెండంతస్తుల మంచాలు.

జీతం ఒక నెల ఆలస్యం, రెండు నెలలు, మూడు నెలలు. అకౌంటెంటును అడిగితే "బుక్రా" అనేవాడట. అంటే రేపు. మన ఊళ్లలో ఒకప్పుడు దయ్యం రాకుండా తలుపు మీద 'రేపు రా' అని రాసేవాళ్లు. అది చదువుకుని దయ్యం రోజూ వెనక్కి పోయేదట. వీళ్లూ అట్లాగే రోజూ పోయి రోజూ వెనక్కి వచ్చారు. ఇకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే కార్డు, గడువు అయిపోయింది, కంపెనీ రెన్యూ చేయించలేదు. ఇకామా లేకుండా క్యాంపు గేటు దాటితే పోలీసులు పట్టుకుంటారు. మెస్సువాడు అప్పు ఆపేశాడు. ఒక శుక్రవారం ఫోన్ చేసి, "ఈరోజు ఏం వండినావు" అని అడిగారు. రాగి సంగటి, పప్పు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆయన ఏం తిన్నారో నేను అడగలేదు. అడగాలనిపించలేదు.

2016 ఏప్రిల్‌లో దేశం వదిలి పొమ్మని ఎగ్జిట్ కొట్టారు. టికెట్ చేతికివ్వాలంటే ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. అరబ్బీలో ఉంది. కింద వేలిముద్ర కూడా. నాకు రావాల్సిన డబ్బంతా ముట్టింది అని అందులో రాసి ఉందని పక్క గదిలోని హైదరాబాదీ చదివి చెప్పాడట. సంతకం పెట్టకపోతే టికెట్ లేదు. పెట్టారు. పెట్టినందుకు నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ కలిగించిందని చాన్నాళ్లకు చెప్పారు.

లెక్క రాస్తాను, మీ పాఠకుల్లో ఇలాంటివాళ్లు ఉంటారు కాబట్టి. అయిదు నెలల జీతం 12,000 రియాళ్లు. దాని మీద సర్వీసు డబ్బు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తరవాత ప్రతి ఏడాదికీ పూర్తి నెల జీతం ఇవ్వాలి. పదేళ్లకు ఏడున్నర నెలలు, అంటే 18,000 రియాళ్లు. మొత్తం 30,000. అప్పటి రేటుకు అయిదు లక్షల ముప్పై వేలు. మా బ్యాంకు అప్పు దాదాపు అంతే మిగిలి ఉంది అప్పటికి. ఆ కాగితాలన్నీ ఫైలు చేసుకుని నేను ఎన్ని ఆఫీసులు తిరిగానో! ఒక చోట "ఆయన సంతకం పెట్టేశాడు కదమ్మా" అన్నారు. ఇంకో చోట కాగితం అరబ్బీలో ఉంది, తర్జుమా చేయించి తెమ్మన్నారు. చేయించి తీసుకుపోయేసరికి ఆ సారు బదిలీ అయిపోయారు.

మా ఆయన వచ్చిన నాలుగు నెలలకు, ఆగస్టులో, జెద్దా క్యాంపుల్లో వేల మంది మనవాళ్లు జీతాల్లేక, తిండి లేక ఉన్నారని టీవీల్లో వచ్చింది. అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో మాట్లాడారు. సహాయ మంత్రి వి.కె. సింగ్‌ను సౌదీకి పంపారు. అన్నం పొట్లాలు పంచడం టీవీలో చూసి మా అత్త, "మనోడు ముందే వచ్చేసినాడు, అదృష్టం" అంది. ఆమె మాట కూడా నిజమే.

ఇప్పుడు పెట్రోలు సంగతి, ఎందుకంటే మీరు ఊరట అన్నది దాని గురించే. 2016 జనవరిలో మన దేశం కొనే చమురు సగటున పీపా 28 డాలర్లు. పీపాకు 159 లీటర్లు. లెక్కేస్తే లీటరు 12 రూపాయలు, అలిపిరి దగ్గర అమ్మే నీళ్ల బాటిల్ కన్నా తక్కువ. అదే సమయానికి ఢిల్లీలో పెట్రోలు 71 రూపాయల నుంచి 60 దగ్గరికి మాత్రమే దిగింది. మిగిలింది ఏమైంది? 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు కేంద్రం ఎక్సైజు సుంకం తొమ్మిదిసార్లు పెంచింది. పెట్రోలు మీద మొత్తం 11 రూపాయల 77 పైసలు, డీజిలు మీద 13 రూపాయల 47 పైసలు. అంటే అక్కడ మా ఆయన జీతం తగ్గించిన ధర, ఇక్కడ మా స్కూటీకి తగ్గలేదు. రెండు వైపులా మేమే. 2025లోనూ అంతే. చమురు దిగుతుండగానే ఏప్రిల్ 8 నుంచి లీటరుకు 2 రూపాయలు సుంకం పెరిగింది, బంకులో ధర మారలేదు. గ్యాసు బండ అదే రోజు 50 రూపాయలు పెరిగింది. రాష్ట్రం సంగతి చెప్పాలంటే పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. నగరివాళ్లు తమిళనాడు వైపు, పలమనేరువాళ్లు కర్ణాటక వైపు పోయి ట్యాంకు నింపుకొస్తారు, ఏడెనిమిది రూపాయలు తక్కువని. కొర్లగుంట నుంచి పోలేం కదా.

సరే, ఆయన వచ్చాక. నూట యాభై అడుగుల మీద పాతికమందిని నడిపించిన ఫోర్‌మన్‌కు తిరుపతిలో ఏం పని? లాడ్జీలు, కళ్యాణమండపాలు ఎక్కడ చూసినా లేస్తున్నాయి. ఒక మేస్త్రీ దగ్గరికి పోయారు. సెంట్రింగ్ పనికి రోజుకు 500 ఇస్తానన్నాడు. నాలుగో అంతస్తు బయట సవుకు కట్టెలు, కొబ్బరి తాళ్లు, బెల్టు లేదు. ఈయన బెల్టు అడిగారు. "అన్నా, ఇది సౌదీ కాదు" అన్నాడట మేస్త్రీ. మూడు రోజులు పోయి మానేశారు. భయం కాదు, "పచ్చ ట్యాగ్ లేకుండా నేనెక్కి, నా వెనక ఇంకొకణ్ని ఎక్కించలేను" అన్నారు. నాకు కోపం వచ్చింది ఆరోజు. 500 అంటే 500 కదా. ఇప్పుడు రాదు ఆ కోపం.

పాలు అర లీటరు తగ్గించాం. మీ పేపరు మాన్పించింది అప్పుడే. పేపరు కుర్రాడు అడిగితే చదివే తీరిక లేదన్నాను. అయిదో గడి నింపడానికి మాత్రం వారానికోసారి పక్కింటి పేపరు అడిగి తెచ్చుకునేదాన్ని. ఎందుకంత పిచ్చి అంటారేమో. ఆ ధర మళ్లీ పెరిగితే మా ఇంటికి ఫోను వస్తుందని నాకు తెలుసు. వానకోసం చూసే రైతు మబ్బు చూడడా?

ఆ మధ్యలో ఆదుకున్నవి షట్‌డౌన్ పనులు. రిఫైనరీలో యూనిట్లను కొన్నేళ్లకోసారి నెల రోజులు ఆపి అన్నీ విప్పి బాగుచేస్తారు. అప్పుడు స్కాఫోల్డింగ్ మనుషులు కావాలి. మనకు దగ్గర చెన్నైలో మణలి ఉంది, విశాఖ ఉంది, కొచ్చి ఉంది. నలభై రోజులు పని, తరవాత మూడు నెలలు ఇంట్లో. నా మిషన్ ఆగకుండా తిరిగింది ఆ రోజుల్లోనే.

2018లో పీపా 70 డాలర్లు దాటింది. నోటుబుక్కులో నేను 72 అని రాసిన వారమే ఫోను వచ్చింది. నిజంగా. ఈసారి వేరే కంపెనీ. బాగానే జరిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు పీపా సున్నా కన్నా కిందికి, మైనస్ 37 డాలర్ల 63 సెంట్లకు పోయింది. అమ్మేవాడే ఎదురు డబ్బిచ్చి తీసుకుపొమ్మన్నట్టు. నా అయిదో గడిలో మైనస్ గుర్తు పెట్టింది ఆ ఒక్కసారే, అదీ తప్పు అచ్చయిందేమోనని పక్కింటి పేపరు కూడా చూశాక. మా ఆయన మళ్లీ పని పోయి, జూలైలో ప్రత్యేక విమానంలో హైదరాబాదు వచ్చారు. ఆ కంపెనీ మాత్రం సర్వీసు డబ్బుతో సహా పైసా మిగల్చకుండా లెక్క కట్టి ఇచ్చింది, ఆ సంగతి కూడా రాయాలి. అన్ని కంపెనీలూ ఒకటి కావు. విమానం దిగినచోట ఒక ఫారం నింపించుకున్నారు, ఏం పని వచ్చు, ఎన్నేళ్ల అనుభవం అని. మా ఆయన స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్, పన్నెండేళ్లు అని రాశారు. ఫోన్ వస్తుందన్నారు. ఫోన్ నంబరు ఇప్పటికీ మార్చలేదు మేము.

ఇప్పుడు ఆయనకు 52. షట్‌డౌన్లకు పోతున్నారు. మోకాలు నొప్పి, మెట్లెక్కడం తగ్గించి కింద నిలబడి చెప్పే పని ఇస్తున్నారు. ఇప్పుడు నా బాధ ఆయన గురించి కాదు. మదనపల్లె టమాటా లెక్క చెప్పాడన్నానే, ఆ మా చెల్లెలి కొడుకు గురించి. ఐటీఐ చేశాడు, శ్రీసిటీలో 14 వేలకు పనిచేస్తున్నాడు. చెన్నైలో 6జీ అనే పైపుల వెల్డింగ్ టెస్టు పాసయ్యాడు. సౌదీకి పిలుపు వచ్చింది. ఏజెంటు లక్షా నలభై వేలు అడుగుతున్నాడు. రిజిస్టరైన ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని రూలు ఉంది. ఆ సంగతి చెప్తే ఏజెంటు నవ్వాడట. "రూలు ప్రకారం పోవాలంటే రూలునే ఎక్కి పొమ్మనండి" అన్నాడట.

వాడిని పోవద్దనే ధైర్యం నాకు లేదు. ఈ ఇంట్లో పిల్లల చదువులు, ఈ మిషను, అన్నీ ఆ రియాళ్లతోనే. కానీ 2025 జనవరిలో బ్రిటన్ చమురు కంపెనీ బీపీ 4,700 మంది ఉద్యోగులను, కాంట్రాక్టు వైపు ఇంకో 3,000 మందిని తగ్గిస్తామంది. ఫిబ్రవరిలో అమెరికా షెవ్రాన్ 2026 చివరికి నూటికి 15 నుంచి 20 మందిని తీసేస్తామంది. అప్పటికి పీపా ఇంకా 70 పైనే ఉంది. మే మొదటి వారానికి 60. ఒపెక్, దానితో కలిసిన దేశాల్లో ఎనిమిది దేశాలవాళ్లు మే 3న మాట్లాడుకుని జూన్‌లో రోజుకు 4 లక్షల 11 వేల పీపాలు అదనంగా తీస్తామన్నారు. మళ్లీ కోత తగ్గించడం లేదు. 2015 ఫిబ్రవరి నాకు కళ్ల ముందు కనిపిస్తోంది.

నేను అడిగేది ధర పెంచమని కాదు, ధర ఎవరి చేతిలోనూ లేదు. ఆ ముద్ర గుర్తుందా, ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వేసేది? మా ఆయన పోయేటప్పుడు ప్రభుత్వం లెక్క రాసుకుంది. పేరు, ఊరు, కంపెనీ, జీతం. ఇప్పుడైతే అంతా ఈ-మైగ్రేట్ అని కంప్యూటర్లో ఉంటుంది. ఇన్సూరెన్సు కూడా కట్టించుకుంటారు, రెండేళ్లకు 275 రూపాయలు, పది లక్షల కవరు. అది మంచిదే. కానీ తిరిగొచ్చినప్పుడు? మా ఆయన 2016లో చెన్నైలో దిగి, బస్సెక్కి, రాత్రి పదకొండుకు తిరుపతి బస్టాండులో దిగారు. ఆయన వచ్చినట్టు నాకూ, మా అత్తకూ, అప్పిచ్చిన బ్యాంకుకూ తప్ప ఎవరికీ లెక్కలేదు. జీతం రాక వచ్చినవాడా, సెలవుకు వచ్చినవాడా, ఎంత బాకీ మిగిలింది, చేతిలో ఏ పని ఉంది, అడిగేవాళ్లు లేరు. లెక్కలేనివాళ్లకు పథకం ఎట్లా వస్తుంది? మా చెల్లెలి కొడుకు పదో తరగతి పాసయ్యాడు, వాడికి ఆ ముద్రా అక్కర్లేదు. వాడిది పోయేటప్పుడూ లెక్క ఉండకపోవచ్చు.

కేరళలో 1998 నుంచి దాదాపు అయిదేళ్లకోసారి వేల ఇళ్లకు పోయి సర్వే చేస్తున్నారు, తిరువనంతపురం సీడీఎస్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టింది దాన్ని. ఎంతమంది పోయారు, ఎంతమంది తిరిగొచ్చారు అని. అక్కడ నార్కా అని ప్రవాసులకు ప్రత్యేక శాఖే 1996లో పెట్టారు. తిరిగొచ్చి చిన్న వ్యాపారం పెట్టుకునేవాళ్లకు అప్పులో సబ్సిడీ ఉంది. మా ఆయన గదిలో ఒక త్రిసూర్ ఆయన ఉండేవారు. ఇద్దరూ ఒకే వారం వచ్చారు. ఆయన ఆ అప్పుతో వెల్డింగ్ షాపు పెట్టారు. ఇప్పటికీ ఓణానికి ఫోన్ చేస్తారు.

మామిడి రైతుకు ధర పడితే కలెక్టరు గారు గుజ్జు ఫ్యాక్టరీలవాళ్లను పిలిపించి మాట్లాడతారు. మాట్లాడాలి కూడా, మా అన్నకు బంగారుపాళెం వైపు నాలుగెకరాల తోతాపురి ఉంది. (ఆ గుజ్జు కూడా చాలావరకు సౌదీ లాంటి దేశాలకే పోతుంది, అది వేరే కథ.) నేను అడిగేది అంతకన్నా చిన్నది. సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకుంటారు కదా, అక్కడ గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల కోసం ఒక బల్ల, ఒక రిజిస్టరు. వచ్చిన తేదీ, చేసిన పని, రావాల్సిన బాకీ. అరబ్బీ కాగితం చదివి చెప్పగలిగిన మనిషి ఒక్కరు. మన జిల్లాల్లో అరబ్బీ చదివినవాళ్లకు కొరత లేదు. చేసిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే పద్ధతి కేంద్రానిదే ఉంది. ఆ బల్ల దగ్గరే ఆ ఫారం కూడా పెడితే, మా ఆయన లాంటివాళ్లు లాడ్జీలు కట్టే చోట బెల్టు ఎట్లా కట్టాలో నేర్పే పనికైనా పనికొస్తారు. పోయిన నెలలో మా వీధిలోనే ఒక కుర్రాడు మూడో అంతస్తు నుంచి పడి నడుము విరిగి, పుత్తూరు కట్టు కట్టించుకుని మంచంలో ఉన్నాడు.

మా పై అంతస్తు కమ్మీలు ఇంకా అట్లాగే ఉన్నాయి. తుప్పు పట్టకుండా ఏటా మా ఆయన సిమెంటు నీళ్లు పూస్తారు. బట్టలు ఆరేయడానికి తీగలు కట్టుకున్నాను.

మీకు ఇంకో చిన్న మనవి. వ్యాపారం పేజీలో పీపా ధర వేసే డబ్బా ఈ మధ్య రోజూ రావడం లేదు, బంగారం, వెండి మాత్రం వస్తున్నాయి. దాన్ని రోజూ వేయండి. పక్కనే రియాలు, కువైట్ దినారు రేట్లు కూడా వేస్తే నాలాంటివాళ్లు రెండో చోట వెతుక్కోనక్కర్లేదు. మా చెల్లెలి కొడుకు కోసం కొత్త నోటుబుక్కు కొన్నాను, వాళ్లమ్మ చేతికి ఇస్తాను.

నా పేరు వేయవద్దని కోరుతున్నాను. మా ఆయన మణలి షట్‌డౌన్ పిలుపు కోసం చూస్తున్నారు.

ఇట్లు,
ఒక స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్ భార్య,
కొర్లగుంట, తిరుపతి.